తాపీగా బతకడానికి ఏ గ్రీకు దీవి?

ఇకారియా దీవిలో క్రిస్తోస్ రాహెస్ అని కొండ మీద ఒక ఊరుంది. మన మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదన్న సంగతి ఆ ఊరు చేరాక గానీ గుర్తు రాలేదు. పొద్దున పదకొండింటికి అడాప్టర్ కోసం వెళ్తే కొట్టు మూసి ఉంది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దాయన సాయంత్రం రమ్మని చేత్తో సైగ చేశాడు. ఏడింటికి వెళ్ళాం, అప్పుడూ మూతే. మర్నాడు పొద్దున్నే మా ఆయనకు హైదరాబాద్ ఆఫీసుతో కాల్ ఉంది, ఆయన టెన్షన్ ఆయనది. రాత్రి పదింటికి భోజనానికి బయటికొచ్చి చూస్తే ఊరంతా లైట్లు, చెట్ల కింద బల్లలు, పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, కొట్టు తలుపులు బార్లా తెరిచున్నాయి. కొట్టతను అడాప్టర్ చేతిలో పెట్టి, మాది ఏ దేశమో అడిగి, కుర్చీలు జరిపి కూర్చోమన్నాడు. పావుగంట కబుర్లయ్యాక గానీ డబ్బులు తీసుకోలేదు.

"ఊరు ఊరంతా నైట్ షిఫ్టా!" అని మా ఆయన విసుక్కున్నారు. నాకేమో ఆ రాత్రే ఆ దీవి మీద మనసు పడిపోయింది. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికే ఇంత తేడా ఉంటే, "గ్రీసులో ఏ దీవి బాగుంటుంది?" అని అడిగేవాళ్ళకు ఒక్క పేరు ఎలా చెప్పను? అయినా మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు అమ్మాయి దాకా అందరూ అదే అడుగుతున్నారు. అందుకని మూడు ప్రయాణాల్లో మాకు తెలిసొచ్చింది రాస్తున్నాను. మొదటిసారి అందరిలాగే సాంటొరిని ప్యాకేజీ. రెండోసారి నాక్సోస్‌లో మూడు వారాలు. మూడోసారి సీరోస్ మీదుగా ఇకారియా. మధ్యలో హైడ్రా, ఫోలెగాండ్రోస్, తీనోస్ రెండేసి రోజులు చూశాం.

ముందు ఫెర్రీల టైంటేబుల్ చూడండి

దీవుల ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. తెల్ల గోడ, నీలం తలుపు, గులాబీ రంగు కాగితం పూలు. వాటిని చూసి ఎంచుకుంటే ఏదైనా ఒకటే. నేనైతే ముందు ఫెర్రీల టైంటేబుల్ తెరుస్తాను, అదీ జులైది కాకుండా నవంబరుది. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి ఆ దీవికి నవంబరులో రోజూ పడవ ఉందంటే అక్కడ ఏడాది పొడుగునా జనం బతుకుతున్నారన్నమాట. బడి, బ్యాంకు, ఆసుపత్రి తెరిచే ఉంటాయి. వారానికి రెండో మూడో ఉంటే ఆ దీవి నిజంగానే మెల్లగా నడుస్తుంది. కానీ పన్ను నొప్పి వచ్చినా, మనసు మారినా వెంటనే బయటపడలేరు.

పడవలు తగ్గేకొద్దీ తాపీతనం పెరుగుతుంది, దాంతోపాటే ఇబ్బందీ పెరుగుతుంది. మీకు ఎంతవరకు పడుతుందో తేల్చుకుంటే దీవి దానంతటదే తేలుతుంది. హైడ్రా ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. దాని సంగతి తర్వాత.

సాంటొరినిని మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేద్దాం. అందంలో దానికి వంక పెట్టలేం. అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన గోతి అంచున ఊళ్ళు కట్టుకున్నారు, కళ్ళారా చూడాల్సిందే. కాకపోతే 15,000 మంది ఉండే దీవి మీదికి క్రూయిజ్ ఓడల్లో ఒక్కరోజే వేలమంది దిగుతారు. రోజుకు 8,000 మంది మించొద్దని హద్దు పెట్టుకోవాల్సి వచ్చిందంటే ఊహించుకోండి. ఇయా ఊళ్ళో సూర్యాస్తమయం చూడ్డానికి నిలబడితే నాకు తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గుర్తొచ్చింది, చివర్లో లడ్డూ కూడా లేదు. రెండు రోజులు చూసి రండి, ఉండటానికి వద్దు. పక్కనున్న మరో పేరున్న దీవి మికోనోస్‌కూ ఇదే మాట, ఖర్చు ఇంకాస్త ఎక్కువ.

నాక్సోస్: ఇంటిల్లిపాదీ వెళ్తే ఇదే

ఏజియన్ సముద్రం మధ్యలో ఉన్న దీవుల గుంపును సిక్లడీస్ అంటారు, వాటిలో అన్నిటికంటే పెద్దది నాక్సోస్, దాదాపు 430 చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు 20,000. పిరేయస్ నుంచి పెద్ద ఫెర్రీలో ఐదు, ఐదున్నర గంటలు. చిన్న విమానాశ్రయం ఉంది, ఏథెన్స్ నుంచి విమానంలో ముప్పావుగంట కూడా పట్టదు. రేవులో దిగగానే ఎదురుగా గుట్ట మీద పాలరాతి ద్వారం ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో అపోలో గుడి కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు, మిగిలింది ఆ ద్వారమే. రెండున్నర వేల ఏళ్ళుగా పెండింగ్‌లో ఉన్న పని! ఆ ఊరి తాపీతనం గురించి అంతకంటే ఏం చెప్పాలి?

మిగతా సిక్లడీస్ చాలావరకు రాళ్ళు, ముళ్ళపొదలు. నాక్సోస్‌కు నీళ్ళున్నాయి, లోయలున్నాయి, పొలాలున్నాయి. బంగాళాదుంపలు ఈ దీవి పేరుతోనే దేశమంతా అమ్ముడుపోతాయి. ఆవులున్నాయి, వాటి పాలతో గ్రావియేరా అనే గట్టి చీజ్ చేస్తారు. పాలూ పెరుగూ లేకపోతే పూట గడవని మనవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అక్కడి పెరుగు నీళ్ళు వడకట్టేసి గడ్డలా ఉంటుంది. రెండు చెంచాల పెరుగులో గ్లాసుడు నీళ్ళు, ఉప్పు, నిమ్మకాయ పిండి కలిపి మా అమ్మ చేసినట్టే మజ్జిగ చేశాను. ఇంటావిడ తాగి చూసి, మొహం చిట్లించి, ఇంకో గ్లాసు అడిగింది.

ఇక్కడ ఉండదలిస్తే ఒక ఎంపిక చేసుకోవాలి. అగియోస్ ప్రోకోపియోస్, అగియా ఆన్నా, ప్లాకా బీచ్‌ల వైపు ఇసుక బాగుంటుంది, నీళ్ళు లోతు తక్కువ. పిల్లలుంటే అటే. తాపీతనం కావాలంటే మాత్రం లోపలి ఊళ్ళకు వెళ్ళాలి. హల్కీ ఆలివ్ తోటల మధ్య ఉంటుంది. ఫిలోతి ఊరు జాస్ కొండ కింద ఉంది. జాస్ అంటే గ్రీకు పురాణాల్లో దేవతల రాజు జ్యూస్ (Zeus), ఆయన పెరిగింది ఇక్కడేనని వాళ్ళ నమ్మకం. వెయ్యి మీటర్ల ఎత్తుతో సిక్లడీస్‌లోకెల్లా పెద్ద కొండ అది. అపీరాంథోస్ వీధులకు పాలరాయి పరిచి ఉంటుంది, చెప్పులు జారతాయి జాగ్రత్త. బస్సులు ఊళ్ళకు తిరుగుతాయి గానీ రోజుకు కొన్నే. మేం బస్సు తప్పిపోయిన ఒక మధ్యాహ్నం హల్కీలో మూడు గంటలు కూర్చున్నాం. నారింజ జాతి కాయ ఒకటుంది, కీత్రో అంటారు, దాని ఆకులతో తీసే సారా ఆ ఊరి ప్రత్యేకత. మా ఆయన మూడు రంగులూ రుచి చూశాక బస్సు గురించి అడగడం మానేశారు.

నాక్సోస్‌లో లోటు ఏమిటంటే, జులై, ఆగస్టుల్లో రేవు పట్టణం కిటకిటలాడుతుంది. ప్రపంచానికి దూరంగా వచ్చేశాం అన్న భావన రాదు. అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకు అది రాకపోవడమే మంచిది. పెద్ద దీవి కాబట్టి ఆసుపత్రి ఉంది, పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి.

ఇకారియా: గడియారం తీసి దాచేసేవాళ్ళకు

నా మనసు దోచింది ఇదే, కాబట్టి ఇక్కడ నా మాట కొంచెం తగ్గించి నమ్మండి.

సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి, మైనం రెక్కలు కరిగి ఇకరస్ అనే కుర్రాడు పడిపోయింది ఈ సముద్రంలోనేనని గ్రీకు పురాణ కథ. దీవి టర్కీకి దగ్గర్లో ఉంటుంది, 255 చదరపు కిలోమీటర్లు, ఎనిమిది వేల పైచిలుకు జనం. పిరేయస్ నుంచి దాదాపు ఏడు గంటలు, కొన్ని పడవలు ఇంకా ఎక్కువ తీసుకుంటాయి. అగియోస్ కిరికోస్, ఎవ్‌దిలోస్ అని రెండు రేవులున్నాయి. ఏ రేవులో దిగుతున్నారో టికెట్ మీద చూసుకోండి, ఒక దాన్నుంచి ఇంకోదానికి మెలికల కొండ దారిలో గంటకు పైనే ప్రయాణం.

1912లో ఇక్కడివాళ్ళు ఒట్టోమన్ తుర్కుల్ని వెళ్ళగొట్టి, గ్రీసులో కలిసేదాకా ఐదు నెలల పాటు సొంత జెండా, సొంత స్టాంపులతో స్వతంత్ర దేశంగా ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గ్రీసులో జరిగిన అంతర్యుద్ధం రోజుల్లో ప్రభుత్వం వేలమంది కమ్యూనిస్టుల్ని ఇక్కడికి ప్రవాసం పంపింది. సంగీతకర్త మికిస్ థియోడొరాకిస్ కూడా వాళ్ళలో ఉన్నారు. ఊరివాళ్ళు తమ ఇళ్ళల్లోనే వాళ్ళకు చోటిచ్చారు. దీవికి ఎర్ర రాయి అని పేరు పడింది. ఎవరి మాటా వినని ఈ స్వభావమే వాళ్ళ గడియారంలోనూ కనిపిస్తుందని నా అనుమానం.

ఇకారియాను ప్రపంచానికి చెప్పింది "బ్లూ జోన్" అన్న పేరు. తొంభై, వందేళ్ళు బతికేవాళ్ళు ఇక్కడ ఎక్కువని అమెరికన్ రచయిత డాన్ బ్యూట్‌నర్ ప్రచారం చేశారు. ఆ లెక్కల్లో పుట్టిన తేదీల రికార్డులే సరిగా లేవని సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు బ్లూ జోన్‌లన్నిటినీ తప్పుపట్టి, 2024లో ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) కూడా అందుకున్నారు. ఎవరిది నిజమైనా, అక్కడ ఎనభై దాటినవాళ్ళు మెట్ల పొలాల్లో పని చేసుకోవడం నేను చూశాను. మధ్యాహ్నం వాళ్ళు పడుకోవడమూ చూశాను. నూరేళ్ళు బతకడానికి వెళ్ళకండి, ఆ మధ్యాహ్నం నిద్ర కోసం వెళ్ళండి.

వేసవంతా ఊరూరా పనిగిరి జరుగుతుంది. మన జాతరే అనుకోండి. గుడి పండగ పేరు మీద మేకమాంసం, వైన్, వయొలిన్. తెల్లారేదాకా ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని వలయంగా ఆడతారు, చిన్నా పెద్దా తేడా లేదు. మిగిలిన డబ్బు ఊరి పనులకు వాడుకుంటారు. అన్నిటికంటే పెద్దది ఆగస్టు 15న, మరియమ్మ పండగ. ఇండియాలో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచే రోజు కదా అని చెబితే పక్కనున్నతను మా కోసం ఇంకో జగ్గు వైన్ తెప్పించాడు.

ఇక చేదు సంగతులు. కారు లేకపోతే ఇకారియాలో కదల్లేరు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళండి, అక్కడ కుడివైపు నడపాలి. రోడ్ల మీద మేకలు మనకంటే తాపీగా ఉంటాయి. ఉత్తరం వైపు మెసాక్తి బీచ్ చూడ్డానికి బాగుంటుంది, లోపల సముద్రం లాగేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి కాఫీ దొరక్కపోతే కోపం వచ్చేవాళ్ళు ఇక్కడ వారం కూడా నిలవలేరు. మా ఆయన అయిదో రోజుకు దారికొచ్చారు, ఆరో రోజు మధ్యాహ్నం నాలుగు గంటలు పడుకున్నారు.

సీరోస్: నెలలు నెలలు ఉండాలంటే

సీరోస్‌కు టూరిస్టులు పెద్దగా రారు, అదే దాని మంచి. సిక్లడీస్ మొత్తానికి జిల్లా కేంద్రం లాంటిది కాబట్టి ఆఫీసులు, కోర్టు, జనరల్ ఆసుపత్రి, విశ్వవిద్యాలయంలో ఒక విభాగం అన్నీ ఉన్నాయి. డిసెంబరులోనూ హోటళ్ళు తెరిచే ఉంటాయి, ఎందుకంటే తినేది ఊరివాళ్ళే. పిరేయస్ నుంచి నాలుగు గంటలు. 1820లలో యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కియోస్, ప్సారా దీవులవాళ్ళు కట్టుకున్న ఊరు ఎర్మూపోలి. వ్యాపార దేవుడు హెర్మెస్ పేరు పెట్టుకున్నారు, వ్యాపారంలోనే పైకొచ్చారు. పాలరాయి పరిచిన పెద్ద చౌక్, 1864లో కట్టిన అపోలో నాటకశాల ఆ డబ్బుతోనే వచ్చాయి. పై కొండ మీద ఆనో సీరోస్ కాథలిక్కుల పాతపేట. రెబెతికో అనే గ్రీకు బస్తీ పాటల పెద్ద మార్కోస్ వంవకారిస్ 1905లో పుట్టింది అక్కడే.

ఇది పోస్టర్ మీద వేసుకునే దీవి కాదు. రేవు పక్కనే ఓడలు బాగుచేసే యార్డు ఉంటుంది, పొద్దున్నే సుత్తి మోతలు వినిపిస్తాయి. కానీ ల్యాప్‌టాప్‌తో పని చేసుకుంటూ ఆరు నెలలు ఉండాలంటే నేను దీన్నే చెప్తాను. గ్రీసు మనకంటే వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక. హైదరాబాద్ ఆఫీసు తొమ్మిదిన్నరకు మొదలైతే వేసవిలో అక్కడ ఏడు, ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు లాగౌట్ అంటే అక్కడ నాలుగు. ఊరు మధ్యాహ్నం నిద్ర లేచే వేళకు మీ పని అయిపోతుంది.

ఫోలెగాండ్రోస్, అమోర్గోస్: ఇద్దరే వెళ్తే

ఫోలెగాండ్రోస్ 32 చదరపు కిలోమీటర్లు, ఏడొందల మంది. కొండ అంచున ఊరు, ఊళ్ళో ఒకదాని వెనక ఒకటి మూడు నాలుగు చౌకులు, వాటిలోకి బండ్లు రావు. సాయంత్రం అక్కడ కూర్చోవడం, పొద్దున పైన చర్చి దాకా మెలికల దారి ఎక్కడం, ఇంతకు మించి పని లేదు. మూడు రోజులు స్వర్గం. పదో రోజు మీరిద్దరూ పాత గొడవలు తవ్వుకోవచ్చు. అక్టోబరు చివరికి దాదాపు అన్నీ మూసేస్తారు, మళ్ళీ ఈస్టర్‌కే తెరవడం.

అమోర్గోస్ అంతకంటే దూరం, నడకలు ఇష్టమైనవాళ్ళకు సరిపోతుంది. సముద్రం మీద 300 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండకు సున్నం మరకలా అంటుకుని హోజోవియోతిస్సా అనే మఠం ఉంది. పదకొండో శతాబ్దం నాటిది. మెట్లెక్కి వెళ్తే దాహానికి చిన్న గ్లాసుతో సారా, ఒక తీపి ముక్క పెడతారు. మోకాళ్ళు కప్పుకునే బట్టలు వేసుకెళ్ళండి. రెండు దీవులకూ విమానం లేదు. మందులు వేసుకునే పెద్దవాళ్ళను ఇక్కడికి తీసుకెళ్ళకండి.

హైడ్రా, తీనోస్

హైడ్రాకు పిరేయస్ నుంచి స్పీడ్ బోటులో గంటన్నర, రెండు గంటలు, రోజుకు చాలా సర్వీసులు. నా పడవల లెక్క ప్రకారం ఇది రద్దీ దీవి అయ్యుండాలి. కానీ అక్కడ కారు, మోటార్ సైకిల్ నడపనివ్వరు. చెత్త బండి లాంటి రెండు మూడింటికే మినహాయింపు. ఫ్రిజ్ దగ్గర్నుంచి సిమెంటు బస్తా దాకా కంచర గాడిదల మీదే వెళ్తుంది. పొద్దున పదకొండు నుంచి ఐదు దాకా రోజువారీ టూరిస్టులుంటారు, వాళ్ళ పడవ వెళ్ళిపోయాక గిట్టల చప్పుడు ఒక్కటే మిగులుతుంది. ఇసుక బీచ్ లేదన్నట్టే, రాళ్ళ మీంచి దూకి ఈదాలి. గదులు ఖరీదు. నాలుగు రోజులే సెలవు ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి దీవి లేదు.

తీనోస్‌ను మా అమ్మ కోసం రాస్తున్నాను. 1823లో మరియమ్మ పటం దొరికిన చోట కట్టిన చర్చి అక్కడ ఉంది, గ్రీకులకు పెద్ద పుణ్యక్షేత్రం. రేవులో దిగి గుడి దాకా మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళేవాళ్ళ కోసం రోడ్డు పక్కన తివాచీ పరిచి ఉంచారు. మోకాళ్ళ పర్వతం ఎక్కిన మా అమ్మకు ఆ వీడియో చూపిస్తే, "మనలాగే" అని ఒక్కమాట అని దండం పెట్టుకుంది. లోపలి పిర్గోస్ ఊళ్ళో పాలరాయి చెక్కేవాళ్ళ పనితనాన్ని 2015లో యునెస్కో గుర్తించింది. గాలి మాత్రం భరించలేనంత.

శాకాహారులు ఏం తినాలి

దీనికి భయపడి మానుకునేవాళ్ళే ఎక్కువ, నిజానికి భయపడాల్సింది ఇందులో ఏమీ లేదు. ఒక్క మాట నేర్చుకోండి: నిస్తీసిమో. ఉపవాస రోజుల భోజనం అని అర్థం. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు, కాబట్టి ప్రతి వంటింట్లోనూ అలాంటి వంటలుంటాయి. చేపలు మానినా గవ్వలు, ఆక్టోపస్ మాత్రం ఆ రోజుల్లో తింటారు, అందుకని అదొక్కటి అడిగి తెలుసుకోండి.

నాక్సోస్‌లో మొదటి వారం ఒక చిన్న హోటల్లో "హోర్తా" అని చెబితే ఉడికించిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెట్టారు. కాడ కొరికి చూస్తే ఎక్కడో తిన్న రుచి. మర్నాడు కూరల కొట్లో పచ్చికట్ట చూశాను, తోటకూర! వాళ్ళు వ్లీతా అంటారు. పక్కనే సలాడ్ కోసం పెట్టినది గ్లిస్త్రీదా, అంటే మన గంగవాయిలి కూర. ఫావా అనేది పసుపుపచ్చ పప్పు మెత్తగా ఉడికించి ఉల్లిపాయ ముక్కలు వేసేది, తాలింపు లేని ముద్దపప్పు అనుకోండి. బామియెస్ అంటే బెండకాయలు, టమాటా, నూనెలో మగ్గిస్తారు. సీఫ్నోస్ దీవిలో శనివారం రాత్రి శనగల్ని మట్టికుండలో పోసి కట్టెల పొయ్యిలో పెట్టేసి ఆదివారం తీస్తారు. ఇకారియాలో సుఫికో అని వంకాయ, గుమ్మడి జాతి కాయ, క్యాప్సికం కలిపి చేసే కూర ఉంది. కారం ఒక్కటే ఉండదు. కారప్పొడి సీసా బ్యాగులో ఉండాల్సిందే. అన్నం వండుకోవాలంటే నిహాకి అని రాసిన బియ్యం కొనండి, పొడుగు గింజ. ఆ మాటకు చిన్న గోరు అని అర్థం. వేరేవి జిగురు కడతాయి.

గ్రీకు కాఫీ అడిగేటప్పుడు చక్కెర సంగతి ముందే చెప్పాలి, వండేటప్పుడే వేస్తారు. మెత్రియో అంటే సరిపడా తీపి. అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుక్క తాగకండి. బిల్లు మీరు అడిగేదాకా తేరు. మనల్ని పట్టించుకోలేదేమో అని మేం మొదట్లో చిన్నబుచ్చుకున్నాం. లెమ్మనడం వాళ్ళకు మర్యాద కాదట.

ఎప్పుడు, ఎంత

మే, జూన్, సెప్టెంబరు. ఆగస్టు వద్దంటే వద్దు. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి గాలి వీస్తుంది. మన విశాఖ, మచిలీపట్నం రేవుల్లో తుపాను హెచ్చరిక నంబర్లు ఎగరేసినట్టు, అక్కడ గాలిని బోఫోర్ నంబర్లలో చెప్పుకుంటారు. ఆరు, ఏడు అంటే చిన్న స్పీడ్ బోట్లకు కష్టం, ఎనిమిది, తొమ్మిది అంటే పెద్ద ఫెర్రీలూ ఆపేస్తారు. ఇకారియా నుంచి మేం తిరిగి వచ్చే రోజు ఆగస్టు 18. హైదరాబాద్‌లో మాకు టికెట్లు వేసిన ఏజెంటు ఫెర్రీ, విమానం ఒకేరోజు పెట్టాడు. రెండు రోజులు పడవ కదల్లేదు, ఇద్దరి విమానం టికెట్లూ పోయాయి. రేవులో ఉన్న ముసలమ్మ మా మొహాలు చూసి "సిగా సిగా" అంది, అంటే మెల్లమెల్లగా. అప్పుడు మాత్రం ఆ మాట వినాలనిపించలేదు. విమానానికి ముందు రోజు రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోండి, ఇకారియా, అమోర్గోస్‌ల నుంచైతే రెండు రాత్రులు.

సెప్టెంబరులో నాక్సోస్‌లో మాకు గది రోజుకు 55 యూరోలు పడింది. అదే గది ఆగస్టులో రెట్టింపని ఇంటావిడే చెప్పింది. గది అద్దె కాకుండా ప్రభుత్వం వసూలు చేసే పర్యావరణ రుసుము ఉంటుంది. కొద్ది రోజులకు ఫ్లాటు అద్దెకు తీసుకుంటే 2025 నుంచి ఏప్రిల్–అక్టోబరు మధ్య రోజుకు 8 యూరోలు, చలికాలం 2 యూరోలు. నెలకు 240 యూరోలు చిన్న మొత్తం కాదు, బుకింగ్‌లో కలిసిందో లేదో అడగండి. ఇంకా రెండు చిన్న సంగతులు. సిక్లడీస్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్ళు తాగరు. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా చప్పుడు చేయకూడదు, వేసవిలో అది చట్టం. మిక్సీ కూడా వేయకండి.

గ్రీసుతో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ వీసాతో 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు, రుసుము 90 యూరోలు. దాని మీద అక్కడ ఉండి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆఫీసు పని చేసుకుంటూ ఉండాలంటే 2021లో తెచ్చిన డిజిటల్ నోమాడ్ వీసా ఉంది, పన్నులు పోను నెలకు 3,500 యూరోల ఆదాయం చూపించాలి. భార్యో భర్తో తోడొస్తే ఇంకో 20 శాతం, ఒక్కో పిల్లకు 15 శాతం. ఇల్లు కొనేసి ఉండిపోదామనుకునే వాళ్ళకు గోల్డెన్ వీసా 2024 నుంచి ఖరీదైంది. 3,100 మందికి మించి జనం ఉన్న దీవుల్లో 8 లక్షల యూరోలు, చిన్నవాటిలో 4 లక్షలు. ఒక్క వేసవి చూసి ఇల్లు కొనే పని మాత్రం పెట్టుకోవద్దు, కనీసం ఒక ఫిబ్రవరి అక్కడ గడపండి.

ఇంతా చదివాక కూడా పెద్ద దీవా, చిన్న దీవా తేలకపోతే నాక్సోస్‌లో గది తీసుకోండి. అక్కణ్ణుంచి ఎక్స్‌ప్రెస్ స్కోపెలీతిస్ అని చిన్న పడవ ఉంది, ఆదివారం తప్ప మధ్యాహ్నం బయల్దేరి ఇరాక్లియా, స్కినూసా, కుఫోనీసియా దీవుల్ని ఒక్కొక్కటే తాకుతూ అమోర్గోస్ దాకా వెళ్తుంది. పేరులోనే ఎక్స్‌ప్రెస్, నడక మన పాసింజరు రైలు. చిన్న సంచిలో ఒక జత బట్టలు పెట్టుకుని కుఫోనీసియాలో దిగండి. ఆ పడవ మళ్ళీ వెనక్కి వచ్చేది మర్నాడే. సాయంత్రానికి తిరుగు పడవ సంగతి మరిచిపోయారంటే మీకు ఫోలెగాండ్రోస్ అయినా, ఇకారియా అయినా పడుతుంది. దిగిన గంటలోపే టైం ఎంత అని రెండుసార్లు అడిగితే, మర్నాడు అదే పడవలో నాక్సోస్ వచ్చేసి మిగతా రోజులు అక్కడే ఉండండి.